డొల్ల పలికిన గోడ

సుత్తితో మెల్లగా కొట్టాను.
నిండు బిందెలా పలకాల్సిన గోడ
ఖాళీ బిందెలా పలికింది.

జానెడు పక్కకు జరిగి మళ్ళీ కొట్టాను.
అదే పలుకు.

నలభై నాలుగేళ్ళ నాటి పటం నా చేతిలో ఉంది:
ప్రతి రెండో దిమ్మె బోలులో ఇనుప చువ్వ,
చువ్వ చుట్టూ గొంతుదాకా కాంక్రీటు.
పటంలో గోడకి ఎముకలున్నాయి.
నా ముందున్నదానికి చర్మం మాత్రమే.

గోడ పక్కనే అత్యవసర పంపు,
ఇంతవరకూ ఎన్నడూ పిలుపు రానిది.
అన్నీ చేతులెత్తేసిన రోజున
రియాక్టర్ గొంతు తడపాల్సిన రెండింటిలో ఒకటి.
భూమి ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంటే
ఈ గోడ ఎటు ఒరుగుతుంది?

సాయంత్రం మీటింగులో ఒకాయన అన్నాడు:
"నలభై నాలుగేళ్ళు నిలబడింది కదా!"
నిలబడింది.
ఎవరూ తొయ్యలేదు కనుక.
ఇంకొకాయన చాలాసేపు నీళ్ళు నమిలి
ఒక్క రోజు ఆగితే ఎంత నష్టమో వేళ్ళ మీద లెక్కపెట్టి
వేళ్ళు చాలక చెయ్యి జేబులో పెట్టుకున్నాడు.
అందరం గోడ మీద పిల్లులమే,
ఆ గోడ నిలుస్తుందో లేదో తెలియని పిల్లులం.

ఫండీ తీరమంతా పొగమంచు.
కారు దీపాలు పదడుగులు దాటడం లేదు.
ఎలోయ్ మెలాన్సన్ ఇంటి తలుపు తట్టాను.
ఎనభై మూడేళ్ళ తాపీ మేస్త్రీ
ఎండిన సముద్రపు నాచు నములుతూ విన్నాడు.
"ఆ ఫిబ్రవరిలో బకెట్లోనే సిమెంటు గడ్డకట్టేది.
ఇది ఉత్త అడ్డుగోడే, బరువు మొయ్యదు,
పైకి కానివ్వమన్నారు.
పటం తర్వాత మారుస్తామన్నారు."
తన చేతులు తానే తిప్పి చూసుకుని
"మార్చారా?" అన్నాడు.

నాకు మాట రాలేదు.

అడ్డుగోడ పక్కకి పంపుని తెచ్చింది
ఆ తర్వాత పదకొండేళ్ళకి ఇంకెవరో.
గోడ గట్టిదేనని లెక్క కట్టి
కింద సంతకం పెట్టింది మాత్రం హార్లన్ స్టీవ్స్.
నాకు సుత్తి పట్టుకోవడం నేర్పినవాడు.
"కాగితాన్ని చదువు, గోడని అడుగు" అనేవాడు.
ఈ ఒక్క గోడనీ అడగలేదు.
పోయిన శరత్తులో ఆయన శవపేటిక మోసినవాళ్ళలో నేనొకదాన్ని.
ఇప్పుడు ఆయన సంతకం మీద వేలు పెట్టి
కాదు అని చెప్పాలి.

రాత్రి రెండూ నలభై.
షిఫ్ట్ అధికారి బెర్నిస్ అడిగింది:
"ఒడీల్, నిలుస్తుందా?"
"తెలీదు."
"తెలీదంటే?"
"తెలీదంటే తెలీదనే."
ఆమె ఒక్క క్షణం నన్ను చూసి
కాఫీ కప్పు పక్కకి జరిపి
లాగు పుస్తకంలో రాసింది: పంపు లేనట్టే లెక్క.

ఆ మాటతో గడియారం మొదలైంది.
డెబ్బై రెండు గంటలు:
సముద్రం ఇంచుమించు ఆరుసార్లు
బురద బయటపడేదాకా వెనక్కిపోయి
ఆరుసార్లు తిరిగొచ్చేంత వ్యవధి.
వెల్డర్లు వచ్చారు. ఉక్కు దూలాలొచ్చాయి.
ఒక దూలం రెండంగుళాలు పొట్టిదైంది.
ఎవరో ఫ్రెంచిలో బూతు తిట్టారు,
అది నేనే అనుకుంటా.
డెబ్బయ్యో గంటకి ఇంకా నాలుగు బోల్టులు మిగిలాయి.
రియాక్టర్ని ఆపేశాం.

ఆ రాత్రి భూమి కదల్లేదు.
ఆ వారమూ కదల్లేదు.
నష్టం డాలర్లలో వచ్చింది,
లాభం ఏ గడిలో రాయాలో ఎవరికీ తెలియలేదు.

పాత పటం పరిచి ఎర్ర పెన్సిల్ తీశాను.
ఒక్కొక్క చువ్వనే కొట్టేసి
పక్కన రాశాను: ఇక్కడ ఏమీ లేదు.
ఇక్కడా ఏమీ లేదు.
బయట కొత్త దూలాలు గీశాను, పొట్టిదానికి వేసిన అతుకుతో సహా.
హార్లన్ సంతకం చెరపలేదు.
దాని కింద నాది పెట్టాను,
రేపు ఇంకెవరో వచ్చి నన్నూ కొట్టి చూడాలి కదా.

తర్వాత ఫోను చేశాను.
"మార్చాం, ఎలోయ్."

అవతల చాలాసేపు
నాచు నమిలే చప్పుడు.